అప్‌డేట్: మిజోరాం తమ్ముడి వారం, సున్నం పని, గండికోట, బెలూం

మిజోరాం నుంచి జమ్మలమడుగుకు సేవకొచ్చే యువ మిషనరీకి వారంలో ఏ పని ఇవ్వాలి, ఏం చూపించాలి అని అడిగినాను. సలహా ఇచ్చిన అన్నలకు, అక్కలకు వందనాలు.

హాస్టల్ గోడలకు సున్నం కొట్టే పనే ఖాయమైంది. సున్నం రాత్రే నానబెట్టి, పొద్దున గుడ్డలో వడగట్టి, బంక కలపాలి. పాత పెచ్చులు గీకి, గోడను బాగా తడిపినాకే మొదటి పూత, అదీ పల్చగా. మన ఎండకు ఎండుగోడ మీద కొడితే సున్నం గట్టిపడేలోపే నీళ్లు ఆవిరైపోయి, చెయ్యి పెడితే పొడి రాలుతుంది. అందుకే ఎండెక్కకముందే పని ముగించాలి. కళ్లద్దాలు, చేతితొడుగులు తప్పనిసరి. కంట్లో పడితే చాలాసేపు నీళ్లతో కడిగి డాక్టరు దగ్గరికి పోవాల్సిందే.

గండికోట జమ్మలమడుగుకు 15 కి.మీ. తెల్లవారుజామున పోవడమే మేలు. పెన్నా లోయ అంచున రాళ్లకు కంచె లేదు, గాలి గట్టిగా తోస్తుంది. సెల్ఫీ కోసం చివరిదాకా పోనీయొద్దు. మాధవరాయస్వామి గుడి, జామా మసీదు, పక్కనే ధాన్యాగారం తీరిగ్గా చూడాలి.

బెలూం గుహలు 3229 మీటర్లున్నా, చూడనిచ్చేది ఒకటిన్నర కిలోమీటరే. లోపల ఉక్క ఎక్కువ. నూలు బట్టలు, జారని చెప్పులు, నీళ్లసీసా చాలు. గుహల్లో అన్నిటికన్నా లోతైన చోటు పాతాళగంగ, అక్కడ మెట్లు తడిగా ఉంటాయి, నిదానంగా దిగాలి. ఆయాసమున్నవాళ్లు అంత లోపలికి పోకుంటేనే మంచిది.