కరవు ప్రాంతాలకు పంపవలసింది ధాన్యమా, నగదా?

ప్రశ్న: వానలు లేక పిల్లలు చిక్కిపోతున్న ప్రాంతాలకు ధాన్యం పంపడం కంటే కుటుంబాల చేతికి నగదు ఇవ్వడమే మేలని కొందరు వాదిస్తున్నారు. సభ్యులు తమ అభిప్రాయం చెప్పగలరు.

మొదటి సభ్యుడు: పంట పోయిన చోట అందరికీ డబ్బు పంచితే ఉన్న కాసిని గింజల ధర పెరుగుతుందే తప్ప కొత్తగా గింజలు పుట్టవు. ధాన్యం బస్తా ఇంటికి చేరితే కనీసం పొయ్యి వెలుగుతుంది.

రెండవ సభ్యురాలు: మీ భయం నిజమైనదే, కానీ అది వ్యాపారులు సరుకు తేలేని చోటికే వర్తిస్తుంది. చాలా కరవుల్లో అంగట్లో గింజలుంటాయి, కొనే శక్తే ఉండదు. గొర్రెలు మేపుకొని బతికే కుటుంబాన్నే తీసుకోండి: మేత దొరక్క అందరూ ఒకేసారి మందలను సంతకు తోలుకొస్తారు, బక్కచిక్కిన గొర్రెకు ధర పలకదు, అదే వారం జొన్నల ధర ఎక్కుతుంది, చివరకు మంద మొత్తం పోయినా కడుపు నిండదు. మంద కరగకముందే చేతికి డబ్బు అందితే ఆ కుటుంబం వచ్చే ఏడాదికి కూడా నిలబడుతుంది.

నన్ను అన్నిటికన్నా బాధించేది ఆలస్యం. సోమాలియాలో 2010 అక్టోబరు నుంచి 2012 ఏప్రిల్ వరకు దాదాపు 2,58,000 మంది క్షామానికి బలయ్యారనీ, వారిలో సగానికి పైగా ఐదేళ్లలోపు పిల్లలేననీ తరువాత అంచనా వేశారు. క్షామ ప్రకటన వెలువడింది 2011 జూలైలో. ఆ ప్రకటనకు పెట్టుకున్న కొలమానాల్లో రోజుకు ప్రతి పదివేల మందికి ఇద్దరి మరణం ఒకటి. అంటే ప్రకటన కోసం ఎదురుచూడడమంటే చావుల కోసం ఎదురుచూడడమే. సాయుధుల అధీనంలో ఉండి ధాన్యం లారీలు వెళ్లలేకపోయిన ఊళ్లకు అప్పుడు హవాలా వ్యాపారుల (బ్యాంకులతో పనిలేకుండా నమ్మకం మీద డబ్బు చేరవేసేవారి) ద్వారా నగదు చేరింది, కానీ అది చాలా ఆలస్యంగా చేరింది.

మూడవ సభ్యురాలు: మీ ఇద్దరి వాదనల్లోనూ ఇప్పటికే జబ్బుపడిన బిడ్డ కనబడలేదు. ఆరు నెలలు దాటిన, ఐదేళ్లు నిండని బిడ్డ దండచేతికి కొలత పట్టీ చుట్టినప్పుడు 115 మిల్లీమీటర్లకు తక్కువ వస్తే అది తీవ్ర పోషకాహార లోపం. ఆ బిడ్డకు జొన్నలూ చాలవు, నోట్లూ చాలవు. వేరుశనగ ముద్ద, పాలపొడి, నూనె, చక్కెర, విటమిన్లు కలిపి చేసిన 92 గ్రాముల పొట్లం 500 కేలరీలు ఇస్తుంది; అందులో నీళ్లు కలపనక్కరలేదు కనుక, మంచినీరు లేని చోట కూడా తల్లి ఇంట్లోనే తినిపించవచ్చు. వాపు, జ్వరం ఎక్కువగా ఉన్న బిడ్డను, ఆకలి చచ్చిపోయిన బిడ్డను మాత్రం ఆసుపత్రికే తీసుకెళ్లాలి. అక్కడ కూడా మొదట పలుచటి పాలతోనే మొదలుపెడతారు, ఎందుకంటే చిక్కిపోయిన శరీరానికి ఒక్కసారిగా ఎక్కువ తిండి పెడితే ప్రాణం మీదికి వస్తుంది. అలా కోలుకున్న బిడ్డ ఖాళీ కుండలున్న ఇంటికి తిరిగి వెళితే మళ్లీ చిక్కిపోతుంది కాబట్టి, పొట్లంతో పాటు నగదు కూడా ఆ ఇంటికి వెళ్లాలన్నది నా వాదన.

మొదటి సభ్యుడు: పొట్లం సంగతి ఒప్పుకుంటున్నాను. అయితే చావులు మొదలుకాకముందే డబ్బు విడుదల చేయమని ఎవరు నిర్ణయిస్తారు?

రెండవ సభ్యురాలు: ఆ నిర్ణయాన్ని ముందే రాసి పెట్టుకోవచ్చు. ఉత్తర కెన్యాలోని తుర్కానా, మార్సబిత్, వజీర్, మండేరా జిల్లాల్లో ఉపగ్రహ చిత్రాల్లో పచ్చదనం నిర్ణీత స్థాయికి పడిపోగానే, మామూలుగా సాయం అందుకునే కుటుంబాలతో పాటు అదనపు కుటుంబాల ఖాతాల్లో కూడా డబ్బు జమయ్యే ఏర్పాటు చేశారు.