నయం కాని దశలోని రోగులు, వారి కుటుంబాలు: కొత్త నర్సులకు మూడు రోజుల్లో ముందుగా ఏం నేర్పాలి?

ప్రశ్న – హెడ్ నర్సు, జిల్లా ఆసుపత్రి

అందరికీ నమస్కారం. నయం కాని జబ్బులో బాధ తగ్గించే ఉపశమన (పాలియేటివ్) చికిత్స కోసం మా ఆసుపత్రిలో ఉన్న చిన్న వార్డుకు ఈ నెలలో నలుగురు స్టాఫ్ నర్సులు కొత్తగా వచ్చారు. అందరూ సర్జికల్ వార్డుల్లోనూ ఐసీయూలోనూ పనిచేసినవారే కనుక డ్రెస్సింగ్, ఐవీ లైన్ వంటి పనుల్లో వారికి నేను నేర్పగలిగింది పెద్దగా లేదు. ఇబ్బంది వేరేచోట వస్తోంది. పోయిన వారం ఒక పెద్దాయన కొడుకు వార్డు గుమ్మం దగ్గరే మా సిస్టర్‌ను ఆపి, "నాయినకు బీమారి పేరు చెప్పకుండ్రి సిస్టర్, తట్టుకోడు" అన్నాడు. ఆమె లోపలికి వెళ్లి బీపీ చూస్తుండగా ఆ పెద్దాయన, "అమ్మా, నేను మళ్ల పొలం కాడికి పోతనా?" అని అడిగారు. "ఏం కాదు తాతా, తగ్గుతది" అని చెప్పి ఆమె బయటకు వచ్చి, స్టోర్ గదిలో కూర్చుని ఏడ్చింది. శిక్షణ కోసం నాకు మూడు రోజులు ఇచ్చారు. మందులతో మొదలుపెట్టాలా, మాట్లాడే తీరుతో మొదలుపెట్టాలా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1 – పాలియేటివ్ నర్సు, హైదరాబాద్

మేడం, మొదటి రోజంతా నొప్పికే ఇవ్వండి. నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషితో ఎంత చక్కగా మాట్లాడినా ఆయన చెవికి ఎక్కదు. తీవ్రమైన నొప్పికి ఇచ్చే మార్ఫిన్ అంటే రోగి బంధువులకే కాదు, మన నర్సులకూ భయమే. అది చివరి ఘడియల్లో ఇచ్చే మందనీ, ఇస్తే ఊపిరి ఆగిపోతుందనీ చాలామంది నమ్ముతారు. నొప్పిని బట్టి మోతాదును కొద్దికొద్దిగా పెంచుకుంటూ వెళ్తే అలా జరగడం అరుదని, అయితే కిడ్నీలు దెబ్బతిన్నవారిలో మందు ఒంట్లో పేరుకుని మత్తు, కండరాల అదురు కనిపించవచ్చని, ఆ గుర్తులు ముందుగా నర్సు కంటికే పడాలని కేస్ షీట్లు ముందు పెట్టుకుని చెప్పండి. మామూలు మార్ఫిన్ మాత్ర పనిచేసేది నాలుగు గంటలే, నొప్పి తిరిగి రాకముందే వేళకు ఇవ్వాలి కాబట్టి "నొప్పి వస్తే ఇవ్వండి" అని రాసి ఉన్న షీటును చూడగానే డాక్టరును అడగడం వారికి అలవాటు కావాలి. మధ్యలో హఠాత్తుగా లేచే నొప్పికి రోజు మొత్తం మోతాదులో ఆరో వంతు ఇస్తారు. అంటే రోజుకు 60 మిల్లీగ్రాములు వాడేవారికి 10. విరేచనం మందు మార్ఫిన్‌తో పాటే మొదలు కావాలి, మలబద్ధకం వచ్చాక కాదు.

ఇంకో సంగతి. మత్తుమందుల చట్టాన్ని 2014లో సవరించి మార్ఫిన్ అందే దారి సులువు చేశారు గానీ మార్ఫిన్ లెక్క రాసే రిజిస్టరు అంటే బెరుకు మాత్రం పోలేదు. తాళంచెవి ఒకరి దగ్గర, సంతకం ఇంకొకరిది అయినచోట రాత్రి రెండు గంటల మోతాదు తెల్లవారి ఆరుకు జరిగిపోవడం నేను కళ్లారా చూశాను. రిజిస్టరు నింపడం కూడా శిక్షణలో చేతితో చేయించండి.

ఇక ఆ పెద్దాయన ప్రశ్నకు జవాబు మన దగ్గర సిద్ధంగా ఉండనక్కరలేదు. బీపీ మిషన్ పక్కన పెట్టి, స్టూలు లాక్కుని కూర్చుని, "పొలం ఎందుకు యాదికొచ్చింది తాతా?" అని అడిగితే చాలు. చాలాసార్లు వారికి అంతా తెలిసే ఉంటుంది. పిల్లలు బాధపడతారని వారూ దాస్తుంటారు. కొడుకుతో వాదించవద్దు. "మీ నాన్నగారే అడిగితే నేను అబద్ధం చెప్పలేను, అడగనిది మాత్రం చెప్పను" అనే మాటను నలుగురి చేతా బయటకు పలికించండి. ఒకరు కొడుకుగా, ఒకరు నర్సుగా మారి రెండుమూడు సార్లు చేస్తే నాలుక తిరుగుతుంది.

జవాబు 2 – ఒక రోగి కూతురు

నేను నర్సును కాను, మా అమ్మను చివరి రెండు నెలలు ఇంట్లో చూసుకున్నాను. అంతకుముందు ఉన్న ఆసుపత్రిలో డిశ్చార్జి కాగితం, మందుల సంచి చేతిలో పెట్టి పంపించారు. పక్కమీద మనిషిని ఎలా తిప్పాలో కూడా ఎవరూ చూపించలేదు. తర్వాత ఇంటికి వచ్చిన నర్సమ్మ నాకు చెప్పి ఊరుకోలేదు. తాను ఒకసారి చేసి చూపించి, రెండోసారి నా చేత చేయించి, మూడోసారి గుమ్మం దగ్గర నిలబడి చూశారు. అమ్మ అన్నం మానేసినప్పుడు, తినిపించకుండా చంపుతున్నామని మా మేనత్త గొడవ పెట్టుకుంటే, నర్సమ్మ కూర్చుని, ఒళ్లు ఆగిపోతున్నప్పుడు ఆకలి కూడా పోతుందని, బలవంతంగా పోస్తే గొంతుకు అడ్డం పడుతుందని నెమ్మదిగా వివరించారు. తడి దూదితో పెదవులు, నాలుక తుడిచే పని మేనత్తకే అప్పగించారు. ఆ రోజు నుంచి ఇంట్లో గొడవ లేదు. గొంతులో గరగర వస్తుందని, అది వినేవారికి కష్టంగా ఉన్నా అమ్మకు బహుశా తెలియదని, పక్కకు తిప్పి పడుకోబెట్టమని ముందే చెప్పి ఉంచడం వల్లనే ఆ రాత్రి మేము అంబులెన్స్ కోసం పరుగెత్తలేదు. తులసి తీర్థం మా చేతులతో పోయగలిగాం.

జవాబు 3 – నర్సింగ్ కళాశాల అధ్యాపకురాలు

పై రెండు జవాబులతో నాకు పేచీ లేదు గానీ నాటకం వేయించి నేర్పడం మీద నమ్మకం తక్కువ. తోటి నర్సు కొడుకుగా నటిస్తే అందరూ నవ్వుకుంటారు. మూడు రోజుల్లో ఒక రోజు ఇంటి సందర్శనకు తీసుకెళ్లండి. కుక్కి మంచం, ఎత్తైన గడప, దూరంగా ఉన్న బావి చూసినవారు "రెండు గంటలకోసారి తిప్పండి" అని ఆదేశించి రారు, ఆ ఇంట్లో తిప్పగలిగేది ఎవరో వెతుకుతారు. లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (చివరి దశ రోగులను చూసుకునే ఆసుపత్రి) ప్రారంభించిన సిసిలీ సాండర్స్ డాక్టరు కావడానికి ముందు నర్సుగా, ఆసుపత్రి సామాజిక కార్యకర్తగా పనిచేశారు. ఒంటి నొప్పితో పాటు అప్పు, ఒంటరితనం, దేవుడి మీద కోపం కూడా నొప్పిలో భాగమేనని ఆమె చెప్పింది ఆ పనుల్లోంచే. కేరళలో 1993లో కోజికోడ్‌లో మొదలైన ఉపశమన చికిత్స ఉద్యమం బలపడటానికి ఇళ్లకు వెళ్లే నర్సులు, వాలంటీర్లు పెద్ద కారణం.

ఆ తరువాత వారానికి ఒక గంట, టీ తాగుతూ, ఆ వారం పోయినవారి గురించి మాట్లాడుకునే వీలు కల్పించండి. స్టోర్ గదిలో ఏడ్చిన అమ్మాయికి అది కావాలి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మొదటి రోజు మార్ఫిన్, రిజిస్టరు; రెండో రోజు ఇంటి సందర్శన; మూడో రోజు బంధువులను పిలిచి వారితోనే పక్క మార్పించడం, నోరు శుభ్రం చేయించడం. నటన సంగతి అధ్యాపకురాలి మాటే నిజమేమోగానీ, అబద్ధం చెప్పలేననే ఆ ఒక్క వాక్యం మాత్రం పలికిస్తాను. ఇంకొక్క సందేహం: నోటి క్యాన్సర్ పుండు వాసనకు మనవలు దగ్గరకు రావడం లేదని ఒకామె బాధపడుతున్నారు, ఏం చేయవచ్చు?

జవాబు 1 – పాలియేటివ్ నర్సు, హైదరాబాద్

పైకి కనిపించే పుండయితే, డాక్టరును అడిగి, వాసన తెచ్చే సూక్ష్మజీవులను చంపే మెట్రోనిడజోల్ మాత్రలను మెత్తగా పొడి చేసి, సెలైన్‌తో కడిగాక పుండు మీద చల్లండి. మూడునాలుగు రోజుల్లో తేడా తెలుస్తుంది. డ్రెస్సింగ్ మాత్రం మనవలు వచ్చే వేళకు ముందే పూర్తి చేయించండి.