చమురు తగ్గి నీరు పెరుగుతున్న బావి: చోక్ ఇంకా తెరవాలా?

ప్రశ్న (తొలిబావి):

అందరికీ నమస్కారం. నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదివి ఇటీవలే ఒక చమురు క్షేత్రంలో ప్రొడక్షన్ ఇంజనీరుగా చేరాను. నాకు అప్పగించిన బావుల్లో ఒకటి గ్యాస్ లిఫ్ట్ మీద, అంటే లోపలికి గ్యాస్ పంపి ద్రవాన్ని తేలికచేసి పైకి తెచ్చే పద్ధతి మీద, నడుస్తోంది. ఆరు నెలల కిందటి టెస్టులో రోజుకు 600 బ్యారెళ్ల ద్రవం, 20 శాతం వాటర్ కట్ (మొత్తం ద్రవంలో నీటి వంతు) నమోదయ్యాయి. తాజా టెస్టులో 580 బ్యారెళ్ల ద్రవం, 45 శాతం వాటర్ కట్ వచ్చాయి. ఈలోగా లిఫ్ట్ గ్యాస్‌ను కొంత పెంచారు. బావి నోటి దగ్గర ప్రవాహాన్ని అదుపు చేసే చోక్‌ను ఇంకా తెరిస్తే పోయిన చమురు తిరిగి వస్తుందని మా విభాగంలో కొందరు, బావిని అసలు కదిలించవద్దని మరికొందరు అంటున్నారు. ఈ రెండింటిలో ఏది సరైనదో తేల్చుకోవడానికి మొదట దేన్ని చూడాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

సమాధానం 1 (నేలపొర):

ముందు మీరిచ్చిన అంకెలనే విడదీసి చూడండి. అప్పట్లో 600 బ్యారెళ్లలో 20 శాతం నీరు పోగా చమురు 480 బ్యారెళ్లు. ఇప్పుడు 580లో 45 శాతం పోగా మిగిలేది 319. చమురు మూడో వంతు తగ్గింది గానీ మొత్తం ద్రవం తగ్గింది మూడు శాతమే. ద్రవం పైకి వచ్చే గొట్టమైన ట్యూబింగ్‌లో మైనం పేరుకున్నా, అందులోకి గ్యాస్‌ను వదిలే లిఫ్ట్ వాల్వు చెడిపోయినా, బావి చుట్టూ చమురున్న రాతిపొర పూడుకుపోయినా మొదట పడిపోయేది మొత్తం ద్రవమే. అది నిలకడగా ఉందంటే పొర ఇస్తూనే ఉంది, లిఫ్ట్ మోస్తూనే ఉంది. ఇక తేలవలసింది నీరు ఎక్కడి నుంచి వస్తోందన్న సంగతి.

లిఫ్ట్ గ్యాస్ పెంచారని మీరు చెప్పిన వివరం ముఖ్యమైనది. చమురు స్తంభం అడుగుకు సుమారు 0.35 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), మంచినీటి స్తంభం 0.433 పీఎస్ఐ పీడనం కలిగిస్తాయి. పొరలోని ఉప్పునీరు ఇంకా బరువు. బావి లోతు 8,000 అడుగులు అనుకుంటే నిండా చమురున్న ట్యూబింగ్‌కూ నిండా నీరున్న ట్యూబింగ్‌కూ అడుగున 660 పీఎస్ఐ వరకు తేడా ఉంటుంది. గ్యాస్ కలవని లెక్కలో, వాటర్ కట్ 25 పాయింట్లు పెరిగితే అందులో నాలుగో వంతు, అంటే 160 పీఎస్ఐకి పైగా, పొర మీద అదనపు బరువు. పెంచిన గ్యాస్ ఆ బరువును మోసింది కాబట్టే ద్రవం తగ్గలేదని నా అంచనా.

ఇప్పుడు ఇంకా తెరిస్తే ఎంత వస్తుందో చూద్దాం. బబుల్ పాయింట్ (చమురులో కరిగిన గ్యాస్ బుడగలుగా విడిపోవడం మొదలయ్యే పీడనం) కంటే తక్కువ పీడనంలో ఉన్న పొరల కోసం వోగెల్ 1968లో ఇచ్చిన సూత్రం నేటికీ రోజూ వాడుకలో ఉంది. దాని ప్రకారం బావి అడుగు పీడనం రిజర్వాయర్ (చమురు పొర) పీడనంలో సగానికి దిగేసరికే ఆ బావి ఇవ్వగలిగిన గరిష్ఠంలో 70 శాతం వచ్చేస్తుంది. దాన్ని 40 శాతానికి దించితే వచ్చేది 79 శాతం. మీ బావి ఆ సగం దగ్గరే ఉందనుకోండి. ఎంతో శ్రమపడి పీడనం దించితే ద్రవం 580 నుంచి సుమారు 656 బ్యారెళ్లకు చేరుతుంది. వాటర్ కట్ 45 దగ్గరే ఆగితే చమురు 42 బ్యారెళ్లు పెరిగినట్టు లెక్క. కానీ లాగుడు పెరిగినందువల్ల వాటర్ కట్ 52 శాతానికి చేరితే చమురు 315 బ్యారెళ్లకు వస్తుంది, అంటే ఇప్పటికంటే తక్కువ. ఆపైన అదనపు నీటిని వేరుచేసి, శుద్ధి చేసి, తిరిగి భూమిలోకి పంపే భారం కూడా మీదే. వాటర్ కట్ ఏడు పాయింట్లు పెరిగితే లాభమంతా పోయే చోట, నీటి మూలం తెలియకుండా తెరవడాన్ని నేను సమర్థించలేను.

సమాధానం 2 (షిఫ్ట్ ఆపరేటర్):

నేలపొర గారి లెక్క బాగుంది. అయితే ఆ లెక్కంతా రెండు టెస్టుల మీదే నిలబడి ఉంది. గ్యాస్ లిఫ్ట్ బావి తరచుగా ఒకే ధారగా రాదు. కాసేపు గ్యాస్, కాసేపు ద్రవం విడతలుగా వస్తాయి. నీరు ఎక్కువగా వస్తున్న క్షణంలో ఒక సీసా పట్టుకుని దాన్నే రోజంతటికీ వాటర్ కట్‌గా రాసేయడం సరికాదు. టెస్టు నడిచినంతసేపూ విరామాలతో నమూనాలు తీయించండి. చమురూ నీరూ ఎమల్షన్‌గా కలిసిపోయి ఉంటే వాటిని విడదీసే డీమల్సిఫయర్ వేసి వేడిచేసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాలి. లేకపోతే విడిపోని నీరు చమురు కిందే లెక్కకు వస్తుంది.

తరువాత బావుల పైపులన్నీ కలిసే మ్యానిఫోల్డ్ దగ్గరకు స్వయంగా వెళ్లండి. పక్క బావి టెస్ట్ వాల్వు పూర్తిగా మూసుకోకుండా కొంత లీకవుతుంటే, ఆ బావి నీరు మీ బావి ఖాతాలో పడుతుంది. బావులన్నింటినీ ప్రొడక్షన్ హెడర్ అనే ఉమ్మడి పైపులోకి మళ్లించి, ఒక్కో బావి ద్రవాన్ని విడదీసి కొలిచే టెస్ట్ సెపరేటర్‌లోకి ఏ బావీ పంపకుండా కొంతసేపు గమనించండి. అప్పుడూ లెవెల్ పెరుగుతుంటే కారణం అక్కడే దొరికినట్టు. టెస్ట్ సెపరేటర్ పీడనం ప్రొడక్షన్ హెడర్ పీడనానికి దగ్గరగా ఉందో లేదో కూడా చూడండి, లేకపోతే మీరు టెస్టు చేసిన స్థితిలో బావి మామూలు రోజుల్లో నడవదు. ఇసుక వచ్చే క్షేత్రమైతే చోక్ లోపల అరిగిపోయి, సూచికలో కనిపించే కొలత కంటే నిజమైన రంధ్రం పెద్దదై ఉండవచ్చు.

నమూనా తీసేటప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్ విషయంలో ముక్కును నమ్మవద్దు. పది లక్షల వంతులలో సుమారు 100 వంతులు ఉండేసరికి వాసన పసిగట్టే శక్తే మొద్దుబారుతుంది, కాబట్టి గ్యాస్ మానిటర్ ఒంటి మీద లేకుండా శాంపిల్ పాయింట్ దగ్గరకు వెళ్లకూడదు. అలాగే గ్యాస్, చోక్ మార్పులన్నీ షిఫ్ట్ లాగ్‌లో ఎక్కాలని పట్టుబట్టండి. 1988 జులై 6న ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా వేదిక మీద 167 మంది చనిపోయారు. సేఫ్టీ వాల్వు విప్పి ఉన్న పంపును, ఆ సంగతి తెలియని రాత్రి షిఫ్టు నడపబోవడం ఆ ప్రమాదానికి నాంది. షిఫ్టు మారేటప్పుడు అందని సమాచారం ఎంత దూరం తీసుకుపోతుందో ఆ విచారణ నివేదిక చదివితే అర్థమవుతుంది.

తొలిబావి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. తాజా టెస్టులో ఒకే నమూనా తీసినట్టు రికార్డులో కనిపించింది. మ్యానిఫోల్డ్ వాల్వులు సరిచూసి, విరామాలతో నమూనాలు తీయిస్తూ మళ్లీ టెస్టు చేయించాను. ద్రవం 570 బ్యారెళ్లు, వాటర్ కట్ 43 శాతం వచ్చాయి. అంటే నీరు నిజంగానే పెరిగింది. దాని మూలాన్ని కనిపెట్టేదెలా? మా క్షేత్రంలో సముద్రపు నీటిని ఇంజెక్ట్ చేస్తున్నారు.

సమాధానం 3 (నీటిజాడ):

సముద్రపు నీటిని ఇంజెక్ట్ చేస్తున్నారన్నారు కాబట్టి మొదట నీటి నమూనాను ల్యాబ్‌కు పంపండి. ఖర్చు తక్కువ, సమాచారం ఎక్కువ. సముద్రపు నీటిలో సల్ఫేట్ అధికం. పొరలోని సహజ నీటిలో సాధారణంగా సల్ఫేట్ తక్కువగానూ, కొన్ని క్షేత్రాల్లో బేరియం గణనీయంగానూ ఉంటాయి. మీ నమూనా ఈ రెండింటిలో దేనికి దగ్గరగా ఉందో చూస్తే, ఇంజెక్షన్ నీరు బావిని చేరిందో లేదో చాలావరకు తెలుస్తుంది. ఆ రెండు నీళ్లూ ట్యూబింగ్ దగ్గర కలుస్తుంటే బేరియం సల్ఫేట్ స్కేలు (గట్టి ఖనిజపు పెచ్చు) పట్టే ప్రమాదం ఉంది. కాల్షియం కార్బొనేట్ స్కేలైతే హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కరుగుతుంది, బేరియం సల్ఫేట్ ఆ ఆమ్లానికి లొంగదు. అందుకే ఫలితంలో బేరియం కనిపిస్తే స్కేలు పట్టకముందే దాన్ని అడ్డుకునే రసాయనం, అంటే ఇన్హిబిటర్, గురించి ఆలోచించాలి.

రెండోది, పాత టెస్టులన్నీ తీసి నీటికీ చమురుకూ ఉన్న నిష్పత్తిని కాలంతో పాటు లాగ్-లాగ్ గ్రాఫ్ మీద గీయండి. వాటర్ కట్ 20 నుంచి 43కు పెరిగితే రెట్టింపు అయినట్టు కనిపిస్తుంది, కానీ నిష్పత్తి 0.25 నుంచి 0.75కు, అంటే మూడు రెట్లకు చేరింది. ఈ నిష్పత్తినీ దాని డెరివేటివ్‌నూ (మార్పు వేగాన్నీ) కలిపి చదివే పద్ధతిని చాన్ 1995లో ప్రతిపాదించారు. డెరివేటివ్ కాలంతో తగ్గుతుంటే నీరు అడుగు నుంచి శంఖువులా పైకి లేస్తున్న కోనింగ్‌ను, పెరుగుతుంటే ఒక సులువైన దారి వెంట నీరు దూసుకొస్తున్న చానలింగ్‌ను అనుమానించాలి. గ్రాఫ్ ఒక్కదాన్నే నమ్మి నిర్ణయం తీసుకోవద్దు. టెస్టులు అరుదుగా ఉంటే అది సులభంగా తప్పుదారి పట్టిస్తుంది.

మూడోది, లాగుడు తగ్గితే నీరూ తగ్గుతుందేమో (కోనింగ్ అయితే తగ్గాలి) తెలుసుకోవడానికి బావిని కాస్త తగ్గించి చూడటం. మీ దగ్గర చోక్ తెరవాలా వద్దా అన్న చర్చ నడుస్తోంది గానీ, గ్యాస్ లిఫ్ట్ బావిని చోక్‌తో అదుపు చేయడం అంత మంచి పద్ధతి కాదు. చోక్ మూస్తే వెల్‌హెడ్ (బావి నోటి) పీడనం పెరిగి, లోపలికి పంపిన గ్యాస్ చేసే పనిలో కొంత వృథా అవుతుంది. దానికి బదులు చోక్‌ను ఇప్పుడున్న చోటే ఉంచి లిఫ్ట్ గ్యాస్‌నే మెట్లు మెట్లుగా తగ్గించండి. ప్రతి మెట్టు దగ్గరా కేసింగ్ (ట్యూబింగ్ చుట్టూ ఉండే బయటి గొట్టం), ట్యూబింగ్ పీడనాలు స్థిరపడేదాకా ఆగి టెస్టు తీసుకోండి. గ్యాస్ మరీ తగ్గితే కేసింగ్ పీడనం ఎగిరెగిరి పడుతూ బావి ఊగిసలాడుతుంది. ఆ గుర్తు కనిపించగానే ఒక మెట్టు వెనక్కి రండి.

తొలిబావి:

ల్యాబ్‌కు నమూనా పంపే ఏర్పాటు చేశాను. గ్యాస్ తగ్గించినా వాటర్ కట్ కదలకపోతే ఏమనుకోవాలి?

సమాధానం 4 (నేలపొర):

కోన్ లేచినంత త్వరగా దిగదు కాబట్టి ఒకటి రెండు టెస్టులకే నిర్ధారణకు రాకండి. తగినంత గడువు ఇచ్చినా వాటర్ కట్ అక్కడే ఉంటే, నీరు ఏదో ఒక పలుచని, పారగమ్యత ఎక్కువైన పొర నుంచో కేసింగ్ వెనక సిమెంటులోని సందు నుంచో వస్తోందని అనుమానించాలి. అప్పుడు ప్రవాహాన్ని కొలిచే స్పిన్నర్, ఉష్ణోగ్రత కొలిచే పరికరాలతో ప్రొడక్షన్ లాగ్ (ఏ లోతు నుంచి ఏమి వస్తోందో చూపే రికార్డు) తీయించమని అడగడానికి మీ చేతిలో ఆధారం ఉన్నట్టే. నీరు రంధ్రాలు చేసిన భాగంలో అన్నిటికంటే అడుగు నుంచే వస్తుంటే ప్లగ్ దించి ఆ భాగాన్ని మూసేయవచ్చు; అన్నిటికంటే తక్కువ ఖర్చుతో అయ్యే పని అదే. మధ్య పొర నుంచి వస్తుంటే అంత సులువు కాదు. సిమెంటులోని సందు నుంచి వస్తుంటే స్క్వీజ్ చేయాలి, అంటే ఒత్తిడితో సిమెంటును అందులోకి ఎక్కించాలి, అందుకు వర్కోవర్ రిగ్ (బావి మరమ్మతు యంత్రం) కావలసి రావచ్చు. ఆ ఖర్చుకు ఆమోదం అడిగేటప్పుడు మీరు ఇప్పుడు మళ్లీ చేయించిన టెస్టు, ల్యాబ్ ఫలితం, గ్యాస్ మెట్ల టెస్టు, మూడూ ఒకే పేజీలో పెట్టి చూపించండి.