పంచాయతీ సెక్రటరీ మీద ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలి? ఇచ్చాక నాన్నను ఇబ్బంది పెడతారా?

కందిచేను:
అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నా, అమ్మానాన్న ఊళ్లోనే ఉంటారు. పాత పెంకుటిల్లు తీసేసి రెండు గదుల స్లాబు వేశాం. ఇంటి నంబరు కోసం నాన్న మూడు నెలలుగా తిరుగుతున్నాడు. పోయిన వారం సెక్రటరీ నేరుగానే అడిగాడట, 12 వేలు ఇస్తే రెండు రోజుల్లో అయిపోతుందని. నాన్నేమో ఇచ్చేసి వదిలించుకుందాం అంటున్నాడు.

ఇంకోటి కూడా ఉంది. మా వాడలో మోరీ కట్టినట్టు 2022-23లో బిల్లు లేపారని ఊళ్లో అందరూ అనుకుంటారు. అక్కడ మోరీ లేదు, మట్టి కాలువే ఉంది. ఈ రెండూ కలిపి కలెక్టర్‌కు ఒకే దరఖాస్తు పెట్టొచ్చా? పేరు లేకుండా పంపితే తీసుకుంటారా? తెలిసినవాళ్లు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

రిటైర్డ్ గుమాస్తా:
తమ్ముడూ, రెండూ కలపకు. ముప్పై ఏళ్లు మండలాఫీసులో ఫైళ్లు మోసినవాడిగా చెప్తున్నా, నాలుగు ఆరోపణలున్న కాగితం మీద నాలుగింట్లో తేలికైనదానికి జవాబు రాసి ఫైలు మూసేస్తారు.

లంచం సంగతి ఏసీబీది, అంటే అవినీతి నిరోధక శాఖది, కలెక్టరేట్‌ది కాదు. 1064కు ఫోన్ చెయ్యి. కానీ డబ్బులు ఇవ్వకముందే చెయ్యాలి, పని ఇంకా ఆగి ఉండగానే. ఇచ్చాక వెళ్తే వాళ్లు పట్టుకోవడానికి ఏముంటుంది? పైగా 2018లో అవినీతి నిరోధక చట్టం మార్చాక లంచం ఇవ్వడం కూడా నేరమే. బలవంతం మీద ఇచ్చానంటే ఏడు రోజుల్లోపు పోలీసులకో ఏసీబీకో చెప్పి ఉండాలి. ఫిర్యాదు మీ నాన్న పేరు మీదే ఉండాలి, అడిగింది ఆయన్ని కాబట్టి. నువ్వు తోడు వెళ్లు.

ముందు ఏసీబీ వాళ్లు సెక్రటరీ నిజంగా అడిగాడా లేదా చూసుకుంటారు, ఫోన్ రికార్డింగ్ ఉంటే మంచిది. తర్వాత నోట్ల నంబర్లు రాసుకుని, పొడి పూసి ఇస్తారు. పట్టుకున్నాక అతని చేతులు సోడా నీళ్లలో ముంచితే గులాబీ రంగు వస్తుంది. వేరే ఆఫీసుల ఉద్యోగులు ఇద్దరు సాక్షులుగా ఉంటారు. ఆ డబ్బు మీరే పెట్టాలి, తర్వాత తిరిగి ఇస్తారు.

మోరీగట్టు:
అన్నా, ప్రజావాణిలో, అంటే కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకునే చోట, ఫిర్యాదు ఇచ్చినవాడిగా నా అనుభవం చెప్తా. మా ఊళ్లో కూడా ఇలాంటిదే, వేయని సీసీ రోడ్డుకు బిల్లు. సోమవారం కలెక్టరేట్‌కు పోయి ఇచ్చా, రశీదు తీసుకున్నా, ఏదో సాధించినట్టు బస్సెక్కి వచ్చా. ఆ కాగితం కలెక్టర్ దగ్గర్నుంచి డీపీఓకు (జిల్లా పంచాయతీ అధికారి), డీపీఓ నుంచి ఎంపీడీఓకు (మండల పరిషత్ అధికారి), అక్కడ్నుంచి 'నివేదిక పంపగలరు' అని మా సెక్రటరీకే వచ్చింది. నేను ఎవరి మీద రాశానో ఆయనకే! పదో రోజు ఆయన హోటల్ దగ్గర నా దరఖాస్తు జిరాక్స్ పట్టుకుని టీ తాగుతున్నాడు, 'ఏం తమ్మీ, నాకే చెప్పొచ్చు కదా' అన్నాడు. ఆన్‌లైన్‌లో చూస్తే పరిష్కారమైనట్టు ఉంది.

రెండోసారి తెలివొచ్చింది. ముందు ఈ-గ్రామ్‌స్వరాజ్ సైట్లో మా పంచాయతీ చెల్లింపులు చూశా, లాగిన్ అక్కర్లేదు, ఏ పనికి ఎంత, ఏ తేదీన పోయిందో కనిపిస్తుంది. ఆ వోచర్ పట్టుకుని సమాచార హక్కు (ఆర్‌టీఐ) కింద ఎంబీ, అంటే పని కొలతలు రాసే పుస్తకం నకలు, తీర్మానం నకలు, ఆడిట్ నివేదిక అడిగా. పంచాయతీలో అడిగితే ఫీజు లేదు, మండలంలో అయితే 5 రూపాయలు. 30 రోజులు దాటినా ఇవ్వలేదు, అప్పీల్‌కు పోతే ఇచ్చారు. ఎంబీలో రోడ్డు పొడవు, వెడల్పు, మందం అన్నీ రాసి ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) సంతకం ఉంది. ఆ కొలతలకు రోడ్డే లేదు. అదే చోట నిలబడి ఫోటోలు తీసి, ఈసారి దరఖాస్తు మొదట్లోనే రాశా: ఆరోపణ ఈ మండల సిబ్బంది మీదే కాబట్టి విచారణ వేరే మండలం అధికారితో చేయించండి అని. ఆ ఒక్క వాక్యంతోనే కథ మారింది.

విచారణకు వచ్చిన రోజు నువ్వు అక్కడ ఉండాలి. వాంగ్మూలం నీ చేత్తో నువ్వే రాయి, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకు. మాకు పద్నాలుగు నెలలు పట్టింది, చివరికి రికవరీ పెట్టారు, అంటే ఆ డబ్బు తిరిగి కట్టమన్నారు. మా మేనమామ ఇప్పటికీ మాట్లాడడు, ఆ కాంట్రాక్టు చేసింది ఆయన తోడల్లుడు.

ఊరిమనిషి:
ఇవన్నీ బానే ఉంటాయి, నువ్వు హైదరాబాద్‌లో ఉంటావ్, రేపు నల్లా బంద్ అయితే ఎవరు చూస్తారు? 12 వేలకు ఇంత అవసరమా. ఆలోచించుకో.

నల్లకోటు:
ఊరిమనిషి గారి భయం ఉత్తది కాదు. ఫిర్యాదుదారులను కాపాడటానికి 2014లో పార్లమెంటు చట్టం చేసి కూడా అమల్లోకి తేలేదు. అందుకే కాగితం బలంగా ఉండాలి. పేరు లేని ఉత్తరం మామూలుగా చెత్తబుట్టకే, మరీ ఆధారాలు జత చేస్తే తప్ప. ఉద్యోగి మీద లోకాయుక్తకు (అధికారుల అవినీతి మీద విచారించే సంస్థ) కూడా వెళ్లొచ్చు, దానికి అఫిడవిట్ (ప్రమాణ పత్రం) కావాలి. సర్పంచ్ పాత్ర కూడా ఉందంటే, పదవిలో ఉన్న సర్పంచ్‌ను తొలగించే అధికారం 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టంలో కలెక్టర్‌కు ఉంది. కానీ మీది 2022-23 నాటిది, ఆ పాలకవర్గాల గడువు 2024 మొదట్లోనే అయిపోయింది. కాబట్టి మీరు అడగాల్సింది విచారణ, రికవరీ.

ఇంకో మాట, ఊరి వాట్సాప్ గ్రూపులో 'దొంగ' అని పెట్టకండి. ఆధారాలు మీ దగ్గర ఉన్నా సరే, పరువునష్టం కేసుతో కోర్టు చుట్టూ తిరగాల్సింది మీరే అవుతారు. సాక్షిగా నాన్నగారు చివర్లో వెనక్కి తగ్గుతారేమో అని కూడా ముందే మాట్లాడుకోండి. ఫిర్యాదుదారు మాట మార్చినా మిగతా ఆధారాలతో శిక్ష వేయొచ్చని సుప్రీంకోర్టు 2022 డిసెంబర్‌లో చెప్పింది కానీ, ఆయన గట్టిగా నిలబడితే అది వేరు.

కందిచేను:
అందరికీ థాంక్స్. మోరీ సంగతి తర్వాత చూస్తా, ముందు ఆర్‌టీఐ వేస్తా. నిన్న రాత్రి నాన్నతో గంటసేపు మాట్లాడా, మొదట కోప్పడ్డాడు, తర్వాత 'మూడు నెలలు నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టాడురా' అన్నాడు. ఇంతవరకు నాకు ఆ మాట చెప్పలేదు. శనివారం ఊరికి పోతున్నా. ఒక డౌట్, నోట్లన్నీ 500వే తేవాలా?

రిటైర్డ్ గుమాస్తా:
ఏవైనా పర్లేదు. కానీ చిన్న నోట్లయితే అన్ని నంబర్లు రాయలేక వాళ్లు తిట్టుకుంటారు, 500వే తే.