మాటిమాటికీ తిరగబెట్టే నెఫ్రోటిక్ సిండ్రోమ్: పిల్లలకు స్టెరాయిడ్‌తోనే నెట్టుకురావాలా?

సోంపేట నుంచి ఒక తండ్రి:
మా బాబుకు 6 ఏళ్లు. నెఫ్రోటిక్ సిండ్రోమ్, అంటే మూత్రంలో ప్రోటీన్ పోయి ఒళ్లు వాచే కిడ్నీ జబ్బు, గడచిన 10 నెలల్లో 4 సార్లు తిరగబెట్టింది. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ వేస్తే వాపు దిగిపోతుంది, ఆపిన కొన్ని వారాలకే పొద్దున లేచేసరికి కనురెప్పలు మళ్లీ ఉబ్బి ఉంటాయి. ఇప్పుడు డాక్టరుగారు రోగనిరోధక శక్తిని అణిచే మందు మొదలుపెడదామంటున్నారు. ఒప్పుకోవాలా?

పలాస నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు:
తొందరపడకండి బాబూ. స్టెరాయిడ్ పనిచేస్తున్నప్పుడు అంతకన్నా బలమైన మందు దేనికి? కిడ్నీలు పోయినవాళ్లను మన ఉద్దానంలో ఇంటింటా చూస్తున్నాం. ఉన్న కాస్త శక్తినీ అణిచేస్తే చిన్న జ్వరానికే పిల్లవాడు తట్టుకోలేడు.

విజయనగరం నుంచి ఒక తల్లి:
మాస్టారూ, ఇదే భయంతో మా పాపకు మందు మార్చడానికి నేను ఏడాదిపాటు ఒప్పుకోలేదు. ఆ ఏడాదిలో పాప ముఖం గుండ్రంగా ఉబ్బింది, అర్ధరాత్రి లేచి అన్నం అడిగేది, పుట్టినరోజున గుమ్మం పక్కన గీసిన ఎత్తు గీత మరుసటి పుట్టినరోజుకు దాదాపు అక్కడే ఉంది. స్టెరాయిడ్ కూడా రోగనిరోధక శక్తిని అణిచే మందేనని అప్పుడు నాకెవరూ చెప్పలేదు.

ఉద్దానం జబ్బును దీనితో కలపకండి. అక్కడ ఎక్కువగా పొలం పనులు చేసుకునే పెద్దవాళ్ల మూత్రపిండాలు, ఇంకా పూర్తిగా తేలని కారణాలతో, ఏళ్ల తరబడి మెల్లగా దెబ్బతింటున్నాయి. పిల్లలకు వచ్చే ఈ జబ్బులోనైతే కిడ్నీలోని వడపోత పొర ప్రోటీన్‌ను మూత్రంలోకి వదిలేస్తుంది, స్టెరాయిడ్‌కు లొంగే పిల్లల్లో చాలామందికి కిడ్నీ పనితనం చెడకుండానే పెద్దయ్యేసరికి అది సద్దుమణుగుతుంది. ఆలోపు పిల్లవాడి ఎముకలు, కళ్లు, ఎదుగుదల స్టెరాయిడ్‌కు బలికాకుండా చూడడానికే రెండో మందు. ఏడాదిలో 3 సార్లో, అంతకుమించో తిరగబెడితే దాని గురించి ఆలోచిస్తారు. మీ బాబు ఆ గీత దాటాడు అన్నయ్యా.

అయితే ఏ మందన్నది మాత్రం గట్టిగా అడగండి. లెవామిసోల్ వాటిలో తేలికైనది, రోజు విడిచి రోజు వేస్తారు. సైక్లోఫాస్ఫమైడ్ 8 నుంచి 12 వారాలే వాడతారు. తెల్లరక్తకణాలు పడిపోవచ్చు, మొత్తం మోతాదు మీరితే ముందుముందు సంతానానికి ఇబ్బంది రావచ్చు కనుక సాధారణంగా రెండోసారి ఇవ్వరు. మైకోఫెనోలేట్‌తో కడుపునొప్పి, విరేచనాలు రావచ్చు. టాక్రోలిమస్ అయితే రక్తంలో మందు స్థాయినీ, కిడ్నీ పనితనం తెలిపే క్రియాటినిన్‌నూ చూస్తూ ఉండాలి, ఎందుకంటే అది కిడ్నీకే హాని చేయగలదు.

జ్వరం విషయంలో మాస్టారి మాట నిజం. జ్వరంతో కడుపునొప్పి వస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఆటలమ్మ వచ్చిన పిల్లల దగ్గరకు పంపకూడదు. ఏ టీకా అయినా డాక్టరును అడిగాకే వేయించాలి.

పలాస నుంచి ఉపాధ్యాయుడు:
స్టెరాయిడ్ కూడా ఆ కోవలోదేనని నాకు తెలియదమ్మా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ టాక్రోలిమస్ మీద నా అభ్యంతరం అలాగే ఉంది. రక్తపరీక్ష కోసం కూలి మానుకుని, పిల్లవాణ్ణి ఎత్తుకుని విశాఖ రైలెక్కవలసిన కుటుంబం ఒకటి రెండు పరీక్షలు తప్పిస్తే ఆ మందును ఎవరు కనిపెట్టుకుని ఉంటారు?

విజయనగరం నుంచి తల్లి:
అది నేనూ కాదనను. అన్నయ్యా, మొదలుపెట్టకముందే ఆ ప్రశ్న డాక్టరుగారిని అడగండి. రోజూ పొద్దున ప్రోటీన్ చూపే స్ట్రిప్‌తో మూత్రం చూసి పుస్తకంలో రాయండి. వరుసగా 3 రోజులు 3 ప్లస్ వస్తే వాపు కోసం ఎదురుచూడకుండా ఫోన్ చేయండి.