డ్రయడ్‌కి తెలుగులో సరిపోయే మాట ఉందా?
రోజూ రాత్రి మా పాపకి గ్రీకు పురాణ కథలు తెలుగులో చెబుతున్నాను. చెట్టులో ఉండే దేవత డ్రయడ్ దగ్గర ఆగిపోయాను. గ్రీకులో 'ద్రూస్' అంటే ఓక్ చెట్టు, పేరు అందులోంచే వచ్చింది. మన ద్రుమం, దారువు కూడా అదే మూలానివని తెలిసి ఒళ్లు పులకరించింది. ఈ డ్రయడ్‌లలో హమద్రయడ్ అనే ఆమె ప్రాణం చెట్టుతోనే ముడిపడి ఉంటుంది, చెట్టు కూలితే ఆమే పోతుంది. నిన్న గొడ్డలి దెబ్బ పడే చోట "ఆమెకి నొప్పి పుట్టిందా నాన్నా?" అని పాప అడిగింది. 'వనదేవత' అందామంటే మేడారం సమ్మక్క సారలమ్మలు గుర్తొస్తారు, పైగా అది అడవి మొత్తానికీ చెందిన మాట. 'యక్షిణి' అంటే పాప భయపడుతోంది. ఒక్క చెట్టునే అంటిపెట్టుకుని బతికే ఇలాంటి దేవతకి మీ పెద్దవాళ్ల నోట ఏదైనా పేరు విన్నారా? ఏ జిల్లా మాటో కూడా చెప్పండి, ప్లీజ్.