బాబు రిపోర్టులో మాటలు ఎవరైనా కాస్త విడమరిచి చెప్పండి

కోనసీమ అమ్మ:
మాది అమలాపురం దగ్గర పల్లెటూరండి. బాబుకి నాలుగేళ్లు దాటాయి, మాటలు ఇంకా తక్కువే. కాకినాడలో చూపిస్తే అసెస్‌మెంట్ చేసి రిపోర్టు చేతిలో పెట్టారు, విడమరిచి చెప్పే తీరిక ఎవరికీ లేదు. 'ఆటిజం స్పెక్ట్రమ్ డిజార్డర్, లెవెల్ 2' అనీ, కింద 'ఆర్/ఓ ఏడీహెచ్‌డీ' అనీ ఉంది. అంటే రెండూ ఉన్నట్టా? లెవెల్ 2 అంటే ముదిరిందనా? ఫోన్లో వెతికితే న్యూరోడైవర్జెంట్, న్యూరోటిపికల్, ఆస్పర్జర్స్ అంటూ ఏవేవో, చదివేకొద్దీ టెన్షన్. మా అత్తగారేమో వాళ్లబ్బాయికీ మాటలు ఆలస్యమేనని కొట్టిపారేస్తున్నారు.

పాలకొల్లు నాన్న:
ముదరడానికి అదేం జ్వరం కాదమ్మా. లెవెల్ అంటే పిల్లాడికి రోజువారీ ఎంత సాయం కావాలో చెప్పే లెక్క, ఒకటి నుంచి మూడు దాకా ఉంటుంది. తెలివితేటలకి మార్కులు కాదు, పెరిగేకొద్దీ మారొచ్చు కూడా. ఏడీహెచ్‌డీ అంటే ఒకచోట దృష్టి నిలపలేకపోవడం, కుదురు లేకపోవడం. 'ఆర్/ఓ' అంటే రూల్ అవుట్, అది ఉందో లేదో ఇంకా తేల్చాలని, ఉందని కాదు. ఆస్పర్జర్స్ అని ఇదివరకు విడిగా పిలిచేదాన్ని 2013లో డాక్టర్లు మానసిక సమస్యల నిర్ధారణకి వాడే డీఎస్ఎం-5 పుస్తకం వచ్చినప్పుడు ఆటిజం స్పెక్ట్రమ్‌లోనే కలిపేశారు, పాత వ్యాసాల్లో కనబడితే కంగారు పడకండి.

భీమవరం టీచర్:
న్యూరోడైవర్సిటీ అన్నది 1990ల చివర్లో ఆటిజం ఉన్నవాళ్ల మధ్య నుంచే వచ్చిన మాట. మెదళ్లు రకరకాలుగా పనిచేస్తాయి, అందులో మనమందరం ఉన్నామని దాని ఉద్దేశం. ఆటిజం, ఏడీహెచ్‌డీ, డిస్లెక్సియా (చదవడం, రాయడంలో ఇబ్బంది) లాంటివి ఉన్నవాళ్లని న్యూరోడైవర్జెంట్ అంటారు, ఇవేవీ లేనివాళ్లు న్యూరోటిపికల్. పిల్లాడిని తక్కువ చేసి చూడకుండా ఉండటానికి బాగా పనికొస్తాయి గానీ వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపులో ఈ మాటలు చెల్లవు. అక్కడ కావాల్సింది మీ రిపోర్టులో ఉన్న 'డిజార్డర్' అన్న మాటే. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది, ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు. అందుకని రిపోర్టు భద్రంగా దాచుకోండి. ఇంతకీ వినికిడి పరీక్ష చేయించారా? మాటలు ఆలస్యమైతే అది తప్పకుండా చూడాలి.

రాజోలు అక్క:
నన్నడిగితే ముందు నేర్చుకోవాల్సింది మెల్ట్‌డౌన్ అన్న మాట, అంటే చప్పుళ్లూ అవీ తట్టుకోలేక పిల్లలు అదుపు తప్పిపోవడం. కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి తీసుకెళ్తే ఆ డప్పులకీ బాణసంచాకీ మా పాప చెవులు మూసుకుని మట్టిలో పడి దొర్లింది, చుట్టూ చేరినవాళ్లు గారాబం ఎక్కువైందన్నారు. మొండితనమైతే అడిగింది చేతిలో పెడితే ఆగుతుంది కదా, ఇది ఆగదు. చప్పుడుకి దూరంగా తీసుకుపోయి మాట్లాడకుండా కూర్చోవాలి. చేతులు ఆడించడం, గుండ్రంగా తిరగడం ఉంటే దాన్ని స్టిమ్మింగ్ అంటారు, తనకి దెబ్బ తగలనంతవరకూ ఆపక్కర్లేదు. ఇంట్లోవాళ్లకి కూడా స్పెక్ట్రమ్ గురించి కాదు, ఇవి చెప్పండి.

కోనసీమ అమ్మ:
మా వాడు మిక్సీ వేస్తే పెరట్లోకి పారిపోతాడండి, పొగరనుకున్నారు అందరూ. వినికిడి పరీక్ష ఎవరూ రాయలేదు. బెరా అంటారే, అదేనా? నిద్రపోతుండగా చేస్తారట, నిజమేనా?

భీమవరం టీచర్:
అదేనండి. నొప్పేమీ ఉండదు, కదలకుండా ఉండాలి కాబట్టి నిద్రలో చేస్తారు. ముందురోజు రాత్రి కాస్త ఆలస్యంగా పడుకోబెట్టమంటారు, ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి.